గేటు కింద దూరిన ఎలక్ట్రాన్

మొన్న వానాకాలంలో పెన్షన్ పని మీద చంద్రపూర్‌లో నేను పనిచేసిన కాలేజీకి వెళ్లాను. ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు వరండాలో, మెట్ల పక్కన, నడుమెత్తు స్టీలు డ్రమ్ము ఒకటి నిలబడి ఉంది. పిల్లలు అందులో తడి గొడుగులు గుచ్చుతున్నారు. నేను ఏమీ తెలియనట్టు, ఇదేమిటని అడిగాను.

"ఇడ్లీ కుక్కర్ ఆహే, కాకా," అన్నాడొకడు మరాఠీలో. హాస్టల్‌లో ఎప్పుడో వాడేవాళ్లట. పక్కనున్న అమ్మాయి వాణ్ణి కసిరింది. ఇడ్లీ కుక్కర్ కాదట, నీళ్లు కాచే బాయిలరట.

నాకు కోపం రాలేదు. దాన్ని ఇడ్లీ కుక్కర్ కంటే పనికిరానిదిగా చేసిన ఘనత ఒకప్పుడు నాదే. కానీ ఇవాళో రేపో పాత ఇనుము కొనే భంగార్ బండివాడు వచ్చి దాన్ని తూకానికి ఎత్తుకుపోతాడు. ఆలోపు అదేమిటో ఎవరో ఒకరు రాసి పెట్టాలి. తెలిసినవాళ్లలో, దాన్ని నడిపిన మేడం రాయరు, ఆవిడకు గొప్పలు చెప్పుకోవడం రాదు. వెల్డింగ్ చేసిన దాదా రాయలేడు, అతనికి రాయడమే రాదు. ఈ రెండూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

మాది రాజురా తాలూకా, లక్కడ్‌కోట్ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు. పెళ్లి శుభలేఖలు, కిరాణా పొట్లాల కాగితాలు చూసి నేనే కూడబలుక్కున్నాను. మెట్రిక్ తర్వాత చదువు ఆగింది గాని చదవడం ఆగలేదు. చంద్రపూర్‌లో ఉన్న ప్రతి లైబ్రరీలోనూ నాకు కార్డుండేది. మూడు భాషల్లో, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. ఒక్క చిన్న లోపం ఉంది. ప్రతి పుస్తకంలో మొదటి అధ్యాయం పూర్తికాగానే నాకు విషయమంతా అర్థమైపోయినట్టు ఉండేది, వెంటనే ఇంకో పుస్తకం తెచ్చుకునేవాణ్ణి. నక్షత్రాల మీద మొదటి అధ్యాయం, తేనెటీగల మీద మొదటి అధ్యాయం, రక్తప్రసరణ మీద మొదటి అధ్యాయం. ఆ ధైర్యంతో బల్లార్షా నుంచి చంద్రపూర్ దాకా బస్సులో ఎవరు పక్కన కూర్చున్నా ఏదో ఒకటి బోధించేవాణ్ణి. విసాపూర్ వచ్చేసరికి వాళ్లు సీటు మారేవాళ్లు.

మొదట నేను చేసింది అయస్కాంతాల పని. బొగ్గు బెల్టు మీద పోతుంటే అందులో బోల్టులు, గడ్డపార ముక్కలు వస్తాయి. బెల్టు మీద పెద్ద అయస్కాంతం వేలాడదీస్తే అది వాటిని పైకి గుంజుకుంటుంది. అలాంటివి తయారుచేసి, బాగుచేసే చిన్న వర్క్‌షాపులో ఉండేవాణ్ణి. అక్కడ మాకు ఒక్కటే పరీక్ష. దారానికి నట్లు బిగించే పానా కట్టి అయస్కాంతం దగ్గర వేలాడదీయాలి. పానా ఎంత దూరం నుంచి ఎగిరొచ్చి అతుక్కుంటే అంత మంచి అయస్కాంతం. బలహీనమైన అయస్కాంతానికి ఈ లోకంలో ఏదైనా పని ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు.

దేశం తలుపులు తెరిచిన కొత్తల్లో బయటి కంపెనీల సరుకు వచ్చి పడింది. మా వర్క్‌షాపు మెల్లగా చిక్కిపోయింది. అప్పుడే ఈ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ కావాలన్నారు. ఇంటర్వ్యూ చేసింది మేడం. కోస్తా నుంచి వచ్చిన ఫిజిక్స్ లెక్చరర్. నేను విశ్వం పుట్టుక దగ్గర మొదలుపెట్టబోతుంటే ఆవిడ ఆపారు.

"అవన్నీ తర్వాత. ముందు మీ చేతులు చూపించండి."

చూపించాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూశారు.

"అయస్కాంతాల దగ్గర ఇన్నేళ్లు చేసి ఒక్క వేలూ నలగ్గొట్టుకోలేదా? అయితే రేపట్నుంచి రండి."

ఇక ఆ డ్రమ్ము సంగతి. దాని లోపల గాలంతా తోడేసి కాస్త హైడ్రోజన్ వదులుతారు. లోపలి తీగను కాల్చి కరెంటు పంపితే ఆ వాయువు లేత గులాబీ రంగులో వెలుగుతుంది. అదే ప్లాస్మా. ఎలక్ట్రాన్లు విడిపోయి, అన్నీ విడివిడిగా తిరుగుతుండే స్థితి. అది గోడలకు తగిలి చల్లారిపోకుండా డ్రమ్ము చుట్టూ అయస్కాంతాలు వరసలు వరసలుగా పేర్చాలి. కంచె అన్నమాట. ఇంతవరకు నాకు తేలిగ్గానే ఎక్కింది, మొదటి అధ్యాయం కనుక.

మేడంకు కావలసింది ఆ వెలుగు కాదు. అందులో పుట్టే రుణ అయాన్లు. మామూలు హైడ్రోజన్ పరమాణువు ఒక్క ఎలక్ట్రాన్ కాపురం ఉండే ఇల్లు. దానికి ఇంకో ఎలక్ట్రాన్ చుట్టంలా వచ్చి చేరితే అది రుణ అయాన్. ఈ చుట్టం గడప మీదే కూర్చుంటాడు, ఎవరు తోసినా లేచిపోతాడు. జోరుగా తిరిగే వేడి ఎలక్ట్రాన్ ఒక్కటి తగిలితే చాలు. అందుకని డ్రమ్మును రెండు భాగాలు చేశారు. పైన వేడి, కింద చల్లన. మధ్యలో రెండు సన్నని గొట్టాలు అడ్డంగా పోతాయి. వాటిలో చిన్న అయస్కాంత బిళ్లలు పేర్చి ఉంటాయి. ఆ బిళ్లల మధ్య ఉండే పలచని అయస్కాంత క్షేత్రమే ఫిల్టర్.

ఈ ఫిల్టర్‌తో మేడం ఒకసారి రుణ అయాన్లు రప్పించారు. డ్రమ్ము అడుగున చిన్న రంధ్రం, దాని కింద కప్పు, కప్పుకు ఒక మీటరు. ఆ మీటరు సూది కదిలింది. ఆ సంగతి ఆవిడ, ఈ పనికి డబ్బిచ్చిన పెద్ద సంస్థకు రాశారు. వాళ్లు కళ్లారా చూస్తామన్నారు. చూపిస్తే పని సాగుతుంది. చూపించలేకపోతే డ్రమ్ము, పంపులు, అన్నీ లారీకెక్కించి పెద్ద ఊరికి పట్టుకుపోతారు. మేడం తన డాక్టరేటు అయ్యాక ఏళ్ల తరబడి పోగుచేసుకున్న పని అది. అందరూ "చంద్రపూర్‌లో ప్లాస్మానా?" అని నవ్వితే పట్టుబట్టి తెచ్చుకున్నారు.

వాళ్లు వచ్చేలోపు గొట్టాలు కొత్తవి వేయాలనుకున్నాం. వెల్డింగ్ దాదా చేసిచ్చాడు. దాదాదీ మా రాజురా వైపే, నాకంటే పెద్దవాడు. నా చదువు మీద గౌరవంతో నన్ను "పంతులు" అనేవాడు. గౌరవంతో అని అప్పట్లో నేను అనుకున్నాను. బిళ్లలు పేర్చడం నా వంతు. మేడం హైడ్రోజన్ సిలిండరు కోసం నాగ్‌పూర్ వెళ్లారు.

పాత బిళ్లలను చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ పానా పరీక్ష పెట్టాను. పానా బద్ధకంగా కాస్త ఊగి ఆగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల అయస్కాంతాల మనిషిని, ఇలాంటివి నా చేత్తో పెట్టడమా? పక్కనే డ్రమ్ము అడుగు పళ్లెం కోసం తెప్పించిన విదేశీ బిళ్లలు ఉన్నాయి. గోరంత సైజు, బ్రహ్మాండమైన బలం. అవసరానికి మించి వచ్చి మిగిలిపోయాయి. వాటి ముందు పానా పెడితే ఠంగుమని ఎగిరి అతుక్కుంది, ఊడదీయడానికి దాదా, నేనూ ఇద్దరం పట్టాల్సి వచ్చింది. నాకు విషయమంతా వెలిగింది. మేడం డ్రాయింగు మంచి అయస్కాంతాలు దేశంలోకి రానప్పటిది. పాపం, లేక పలచనివి పెట్టుకున్నారు. ఇప్పుడు తలుపులు తెరిచాక కూడా ఆ పేదరికం ఎందుకు?

"ఏంది పంతులూ, గవి తీసి గివి పెడుతున్నవ్?" అన్నాడు దాదా.

"దాదా, గట్టి చుంబక్ ఉండంగ పల్చటిదెందుకు?"

"మేడం జెప్పిందా?"

"చెప్పుడెందుకు, జూస్తే ఖుషీ అయితది."

"మా ఇంటిది గూడ గట్లనే అన్నది. కూరల ఉప్పు మంచిదైతే ఇంకింత ఎయ్యాలె అని. మూడు దినాలు నీళ్లు తాగిన," అని దాదా టార్చి వెలిగించుకున్నాడు.

తీసేసిన పాత బిళ్లలను పారేయడం ఇష్టంలేక కాలేజీ అంతా పంచిపెట్టాను. ఆఫీసు బీరువా మీద టైంటేబుల్ అతికించుకోవడానికి గుమాస్తాకు కొన్ని. క్యాంటీన్‌కు రెండు. లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆవిడకు, మా లైబ్రరీ బాయికి, అన్నిటికంటే ఎక్కువ, ఎందుకో మీకు తెలుసు. ప్రిన్సిపాల్ గారికి ఒకటి. దాదా కూడా ఒకటి తీసుకుని వెల్డింగ్ మిషన్ మీద హనుమంతుడి పటం నిలబెట్టుకున్నాడు.

మేడం తిరిగొచ్చి అడిగారు. "ఫిల్టర్ ముందున్నట్టే పెట్టారు కదా?"

"అంతకన్నా బాగా పెట్టాను మేడం."

ఆవిడ దాన్ని మర్యాదకు అన్న మాట అనుకున్నారు. నేను పూర్తిగా అక్షరాలా అన్నాను.

డ్రమ్ము వెలిగించాం. పైభాగం మునుపటికంటే మిలమిలలాడింది. కింద మీటరు సూది మాత్రం కదలలేదు. మేడం లీకు ఉందేమోనని ప్రతి అతుకూ వెతికించారు. తీగ మార్చాం. సిలిండరు మార్చాం. మీటరును అనుమానించి విప్పాం. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం ఉంటే విషయం తేలేది, కానీ అది నాగ్‌పూర్‌లో రిపేరుకు పడి ఉంది. రోజూ కొత్త కారణం, రోజూ కొత్త వెతుకులాట. ఆ రోజుల్లో నేను మేడంకు ధైర్యం చెప్పేవాణ్ణి. చంద్రపూర్ వేడి వల్ల కావచ్చనీ, బొగ్గు పొడి వల్ల కావచ్చనీ, చివరికి భూమి అయస్కాంతత్వం వల్ల కూడా కావచ్చనీ చెప్పాను. ఆవిడ తల ఊపుతూ వినేవారు. తినడం తగ్గించారు. ఒకరోజు పంపు మీద చెయ్యి వేసి, నాతో కాదు, ఆ పంపుతో అన్నట్టు, "అంతకుముందు కదిలింది నిజమేనా, లేక నేనే కదిలిందనుకున్నానా?" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అయినా నాకు ఫిల్టర్ గుర్తు రాలేదు. నేను చేసిన వాటిలో బాగా చేసింది అదొక్కటే అని నా నమ్మకం.

చూడ్డానికి వచ్చేవాళ్లు ఇద్దరు. ఒకరు తెలుగు పెద్దాయన, ఒకరు హిందీ కుర్ర శాస్త్రవేత్త. డ్రైవరు సెలవులో ఉంటే నేనే జీపు తీసుకుని బల్లార్షా స్టేషనుకు వెళ్లాను. పెద్దాయన ముందు సీట్లో కూర్చున్నారు. దారిపొడవునా నేనేం మాట్లాడానో మీరు ఊహించుకోవచ్చు. ఆయన సీటు మారడానికి వీల్లేదు. కాలేజీ అల్లంత దూరంలో కనిపిస్తుండగా రైల్వే గేటు పడింది. బొగ్గు గూడ్సు దూరంగా సిగ్నల్ దగ్గర ఆగి కూత వేస్తోంది. గేటు ముందు లారీలు, బస్సు, మా జీపు.

"ఏం చదివావు బాబూ?" అన్నారు పెద్దాయన, నేను ఊపిరి పీల్చుకున్నప్పుడు.

"మెట్రిక్ సార్. మిగిలింది లైబ్రరీలో."

"మంచి బడి. అయితే చెప్పు, మీ డ్రమ్ములో ఫిల్టర్ పనేమిటి?"

"ఎలక్ట్రాన్లను ఆపడం సార్."

"అన్నిటినీనా?"

"ఎన్ని ఆపితే అంత మంచిది కదా సార్. గట్టిగా ఆపాలి."

ఆయన నా వైపు జాలిగా చూసి, చేత్తో గేటు చూపించారు.

"లారీ ఏం చేస్తోంది?"

"ఆగింది సార్."

"ఆ సైకిలాయన?"

సైకిలాయన బండిని పక్కకు వంచి, తాను ఇంకాస్త వంగి, గేటు కింద దూరుతున్నాడు. అతని వెనకే కూరల గంపను ముందుకు తోసి ఒకామె దూరింది.

"దూరుతున్నారు సార్. ఇక్కడ అందరూ అంతే, ఎవరూ వినరు."

"నీ ఫిల్టర్ కూడా అలాగే ఉండాలి. జోరు మీద వచ్చే వేడి ఎలక్ట్రాన్ ఆగాలి. మెల్లగా, దారిలో అందరికీ తగులుకుంటూ వచ్చే చల్లని ఎలక్ట్రాన్ ఎలాగో అలా అవతలికి జారాలి. అవతల హైడ్రోజన్ దాని కోసమే ఎదురుచూస్తోంది. అది చేరితేనే రుణ అయాన్. రేపు రైల్వేవాళ్లు గేటు తీసేసి ఇక్కడ పెద్ద గోడ కట్టారనుకో, ఏమవుతుంది?"

"ఏముంది సార్, అవతల బజారులో కూర..."

వాక్యం పూర్తికాలేదు. పానా ఠంగుమన్న శబ్దం చెవిలో మోగింది. నేను గోడ కట్టాను. అదీ దిగుమతి సరుకుతో.

"సార్, తాళం బండికే ఉంది," అన్నాను. దిగి, నడుం వంచి, గేటు కింద దూరి, పట్టాలు దాటి కాలేజీ వైపు పరుగెత్తాను. వెనక నుంచి కుర్రాయన "అరే భాయ్, కహాఁ?" అని అరవడం వినిపించింది. మీరెవరూ అలా దూరకండి. నేను దూరింది సైన్సు కోసం.

ల్యాబులో మేడం మంచి చీర కట్టుకుని, కదలని సూది ముందు నిలబడి ఉన్నారు.

"మేడం, ఫిల్టర్‌లో విదేశీ బిళ్లలు పెట్టాను. మిగిలినవి."

ఆవిడ సూది మీంచి చూపు తిప్పి గొట్టం చివర చూశారు.

"ముందున్నట్టే పెట్టారా అని అడిగాను కదండీ."

"అంతకన్నా బాగా పెట్టానన్నాను మేడం."

"అవును. అన్నారు." ఆవిడ కళ్లు మూసుకుని తెరిచారు. "మీ వేళ్లు చూసి తీసుకున్నాను. తల చూడాల్సింది. పాత బిళ్లలు ఏవి?"

అసలు ప్రమాదం అప్పుడు మొదలైంది. ఒక అదృష్టం ఏమిటంటే గొట్టాల రెండు చివరలూ డ్రమ్ము బయటికే తెరిచి ఉంటాయి, లోపలి శూన్యం చెడకుండానే బిళ్లలు మార్చొచ్చు. రెండోది, బొగ్గు గూడ్సు. దాని పుణ్యాన గేటు ఇంకా పడే ఉంది. నేను కాలేజీ మీద పడ్డాను. గుమాస్తా బీరువా మీంచి బిళ్లలు లాగేస్తే టైంటేబుల్ నేల మీద పడింది, ఆ పూట ఎవరి క్లాసు ఎవరికో వెళ్లింది. క్యాంటీన్‌లో రెండు దొరికాయి, నూనె జిడ్డుతో. లైబ్రరీ బాయి మరాఠీలో తిట్టింది, ఇచ్చిన వస్తువు వెనక్కి అడగడానికి సిగ్గులేదా అని. ఆఖరికి, "పుస్తకాలు ఆలస్యంగా ఇస్తావు, ఇవన్నా వారంలో తెచ్చివ్వు," అని వదిలింది. దాదా హనుమంతుడి పటం ముందు నిలబడ్డాను.

"తీసుకో గని, దేవుడు కింద పడితే నాది జిమ్మా కాదు," అని పటాన్ని తనే రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

ఇనుప చువ్వతో తోస్తే విదేశీ బిళ్లలు దానికే కరుచుకుంటాయి. దాదా వెనక పొదలోంచి సన్నని వెదురు కొట్టుకొచ్చాడు. ఒకవైపు నుంచి అతను తోస్తుంటే రెండోవైపు నేను పట్టుకోవాలి. మొదటి బిళ్ల వచ్చింది. రెండోది దాని మీదికి దూకింది. మధ్యలో నా చూపుడు వేలుంది. బొగ్గు బెల్టుల దగ్గర ఇన్నేళ్లు దాచుకున్న వేలు గోరంత బిళ్లకు బలైంది. కేక వేశాను.

"సప్పుడు జెయ్యకు, సార్లొస్తుండ్రు," అన్నాడు దాదా.

మేడం చిన్న దిక్సూచి పట్టుకుని ఒక్కో పాత బిళ్ల ఎటు తిరగాలో చెబుతుంటే పేర్చాం. చివరికి ఒకటి తక్కువైంది. అది ప్రిన్సిపాల్ గారి గదిలో ఉంది, గదికి తాళం ఉంది, తాళంచెవి ఆయనతో పుణే వెళ్లింది. ఆ ఖాళీలో వెదురు ముక్క దోపాం.

జీపు చప్పుడు వినిపించింది. కుర్రాయన నడుపుకొచ్చాడు. పెద్దాయన లోపలికి వచ్చి, వేలు నోట్లో పెట్టుకుని మూలన నిలబడ్డ నన్ను ఒకసారి, డ్రమ్మును ఒకసారి చూసి, మీటరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

మేడం కరెంటు పెంచారు. కిటికీ గాజులో గులాబీ వెలుగు కనిపించింది. సూది కదలలేదు. ఇంకాస్త పెంచారు. దాదా పెదవులు కదుపుతున్నాడు, హనుమంతుణ్ణే అడుగుతున్నాడనుకుంటాను. సూది వణికింది. తర్వాత నిద్రలేచిన మనిషిలా మెల్లగా లేచి, నిలబడింది. మేడం సూదిని కాదు, బల్ల అంచును చూస్తూ, దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.

"మీరు రాసినదానికంటే తక్కువే ఉంది," అన్నారు పెద్దాయన.

"ఒక బిళ్ల ప్రిన్సిపాల్ గారి గదిలో ఉండిపోయింది సార్," అని మేడం జరిగిందంతా చెప్పేశారు. నేను కల్పించుకోబోతే దాదా నా కాలు తొక్కాడు.

కుర్రాయన సందేహంగా చూశాడు. ఈ సూది కదలడం రుణ అయాన్ల వల్లేనా, లేక ఎక్కడి నుంచైనా దొంగ కరెంటు వస్తోందా అని హిందీలో అడిగాడు. పెద్దాయన నవ్వి, "తేల్చడం సులువే కదా. ఆ గట్టి బిళ్లలు మళ్లీ పెట్టండి," అన్నారు. పెట్టాం, ఈసారి నా వేళ్లు దాదా వెనక దాచుకున్నాను. సూది పడిపోయింది. తీసి పలచనివి పెట్టాం. సూది లేచింది. కుర్రాయన రెండు అంకెలూ తన నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు. నేను కట్టిన గోడను చూపించి గేటు విలువ రుజువు చేసింది ఆయన. డ్రమ్ము లారీ ఎక్కలేదు. తర్వాత చాలా ఏళ్లు ఆ ల్యాబులోనే వెలిగింది. మేడం వేరే ఊరు వెళ్లాకే చల్లారింది.

పెద్దాయన వెళ్తూ నాకు నమస్కారం పెట్టి, "స్లో ఎలక్ట్రాన్ గారూ, ఆరోగ్యం జాగ్రత్త," అన్నారు. రిటైరయ్యేదాకా కాలేజీలో నా పేరు అదే. మర్నాడు మేడం ఒక పుస్తకం నా చేతిలో పెట్టారు. మొదటి అధ్యాయాన్ని దారంతో కుట్టేశారు, తెరవడానికి వీల్లేకుండా. "రెండోది నుంచి చదవండి," అన్నారు. ఆ పుస్తకం చివరిదాకా చదివాను. అలా చదివిన మొదటి పుస్తకం అది.

ఇక కృతజ్ఞతలు. అసలు పేర్లు రాస్తే వాళ్లు ఒప్పుకోరు కనుక మేం పిలుచుకున్న పేర్లతోనే చెబుతాను. నన్ను మర్నాడు కూడా పనిలోకి రానిచ్చిన మేడంకు. వెదురు కొట్టుకొచ్చి, కాలు తొక్కిన దాదాకు, పటం పడకుండా చూసుకున్న అతని హనుమంతుడికి. నా సీటు పక్కన కూర్చుని కూడా ఓపిక పట్టిన పెద్దాయనకు. జీపు నడిపిన కుర్రాయనకు. వారం అని చెప్పి నేను ఆ బిళ్లలను ఎప్పటికీ తిరిగివ్వకపోయినా కార్డు రద్దు చేయని లైబ్రరీ బాయికి. టైంటేబుల్ గుమాస్తాకు. సిగ్నల్ దగ్గర ఆగిన బొగ్గు గూడ్సుకు.

మొన్న నేనూ నా గొడుగు ఆ డ్రమ్ములో పెట్టాను. తీసుకునేటప్పుడు గొడుగు ఊచను డ్రమ్ము గోడ కాస్త వెనక్కి గుంజింది. చుట్టూ కంచెలా పేర్చిన అయస్కాంతాలు ఇంకా పనిచేస్తున్నాయి. మీరు గొడుగు తీసుకునేటప్పుడు మీకూ అలా అనిపిస్తుంది, గట్టిగా కాదు, ఉండీ లేనట్టు. ఇడ్లీ కుక్కర్ అలా గుంజదు.